ఆరులో చెప్పాల్సింది పదిలో చెబుతున్నాం

ప్రాథమిక పాఠశాలలో అయిదేళ్ల పాటు ఒకరిద్దరు టీచర్ల దగ్గరే చదువుకున్న పిల్లలు జూన్‌లో జిల్లా పరిషత్ హైస్కూలు గేటు దాటి లోపలికి వస్తారు. ఇక్కడ గంట కొట్టినప్పుడల్లా టీచరు మారిపోతారు. తెలుగుకు ఒకరు, హిందీకి ఒకరు, లెక్కలకు ఇంకొకరు. కడుపునొప్పి వస్తే ఎవరికి చెప్పాలో కూడా తెలియని అయోమయం. మొదటి రెండు వారాలు పుస్తకాలు, యూనిఫాం, బ్యాగుల పంపిణీతో గడిచిపోతాయి. ప్రార్థనలో హెడ్మాస్టరు క్రమశిక్షణ గురించి నాలుగు మాటలు చెబుతారు. ఈ అయిదేళ్లలో బడి పిల్లాణ్ని ఏమేం అడుగుతుందో, పిల్లాడు బడిని ఏమేం అడగొచ్చో చెప్పే పీరియడు మాత్రం టైంటేబుల్లో కనపడదు.

అవన్నీ పదో తరగతిలో ఒక్కసారిగా బయటపడతాయి. హాజరు చాలలేదని, పేరు తప్పు పడిందని, స్కాలర్‌షిప్ పరీక్ష రెండేళ్ల కిందటే అయిపోయిందని అప్పుడు తెలుస్తుంది. నిజానికి మన ప్రభుత్వ బడుల్లో సదుపాయాలకు కొదవ లేదు. అయితే ఒక్కోదానికి ఒక్కో ఏడాది ఉంది. ఆ ఏడాది దాటితే ఆ సదుపాయం ఉన్నా లేనట్టే.

రిజిస్టరులో పడిన పేరు

ఏటా దసరా సెలవుల తర్వాత పదో తరగతి గదిలో ఒక తంతు జరుగుతుంది. క్లాస్ టీచరు అడ్మిషన్ రిజిస్టరు ముందు పెట్టుకుని నామినల్ రోల్స్ సిద్ధం చేస్తారు. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, మీడియం, మొదటి భాష, చివర్లో రెండు పుట్టుమచ్చలు. ఆ పుట్టుమచ్చల దగ్గరికొచ్చేసరికి గదంతా గోలే. చొక్కా చేతులు మడిచి వెతుక్కునేవాళ్లు, పక్కవాడి మెడ వెనక చూసి చెప్పేవాళ్లు, "నాకు ఒక్కటే ఉంది సార్, రెండోది ఏం రాయమంటారు" అని దిగులుపడేవాళ్లు.

నవ్వులు ఆగిపోయేది పేర్ల దగ్గర. రిజిస్టరులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది. ఒకచోట సాయి, కుమార్ విడివిడిగా ఉంటే మరోచోట కలిసిపోయి ఉంటాయి. పుట్టిన తేదీల సంగతి చెప్పనే అక్కర్లేదు. వెనకటికి ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు అయిదేళ్లు నిండినట్టు లెక్క కట్టి మాస్టారే ఒక తేదీ వేసేవారు. ఊళ్లో సగం మంది జూన్‌లో పుట్టినట్టు కనపడటం అందుకే. జనన ధ్రువపత్రాలు వచ్చాక ఆ అలవాటు తగ్గింది కానీ, రిజిస్టరుకూ ధ్రువపత్రానికీ పొంతన కుదరని పిల్లలు ఇప్పటికీ ప్రతి తరగతిలో తగులుతారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ నామినల్ రోల్‌లో ఉన్నదే రేపు ఎస్సెస్సీ మెమోలో అచ్చవుతుంది. పాస్‌పోర్టుకైనా ఉద్యోగానికైనా పుట్టిన తేదీకి సాక్ష్యం ఆ మెమోనే. మెమో వచ్చాక బోర్డు దిద్దేది రాతలో దొర్లిన పొరపాట్లనే, అదీ బడి రికార్డుతో పోల్చి చూసి. బడి రికార్డే తప్పయితే ఆఫీసుల చుట్టూ తిరగడమే మిగులుతుంది. అదే ఆరో తరగతిలో చేరేటప్పుడు చూసుకుంటే జనన ధ్రువపత్రంతో హెడ్మాస్టరు దగ్గర సరిచేసుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది.

బడి మారేవాళ్లు చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఇప్పుడు ప్రతి విద్యార్థి వివరాలూ యూడైస్ పోర్టల్‌లో ఉంటున్నాయి. పాత బడివాళ్లు తమ లాగిన్ నుంచి పేరు వదిలితేనే కొత్త బడిలో కనపడుతుంది. ఫీజు బకాయి ఉందని ప్రైవేటు బడి టీసీ ఆపితే చాలామంది అక్కడే ఆగిపోతారు. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ప్రవేశం నిరాకరించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ చెబుతోంది. వదిలి వచ్చే బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోవడం మాత్రం మరవకండి. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎవరు ఏ జిల్లాకు స్థానికులో తేల్చేవి అవే. పదో తరగతి అర్హతగా ఉన్న ఉద్యోగాలకు ఆంధ్రప్రదేశ్‌లో 4 నుంచి 10 వరకు, 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత తెలంగాణలో 1 నుంచి 7 వరకు ఎక్కడ చదివారన్నది చూస్తారు. పదిహేనేళ్లు గడిచాక మూతపడిన బడి కాగితాల కోసం తిరిగేవాళ్ల అవస్థ మండల విద్యాధికారి ఆఫీసులో ఏ రోజు చూసినా తెలుస్తుంది.

'ఇరవై వస్తే చాలు'

హైస్కూల్లో పిల్లలు మొట్టమొదట నేర్చుకునే నిబంధన సీనియర్లు చెప్పేదే: హిందీలో ఇరవై వస్తే పాస్. మాట నిజమే. ఆంధ్రప్రదేశ్ పదో తరగతిలో మొత్తం 600 మార్కులు. భౌతిక రసాయన శాస్త్రాలు ఒక పేపరు, జీవశాస్త్రం ఒక పేపరు, చెరి 50. ఉత్తీర్ణతకు ఒక్కో సబ్జెక్టులో 35 రావాలి, ద్వితీయ భాష హిందీకి 20 చాలు. తెలంగాణలో ఏళ్లుగా రాత పరీక్షకు 80, బడిలో వేసే ఇంటర్నల్స్‌కు 20. వాటిని ఎత్తేస్తున్నట్టు 2024 నవంబరు చివర్లో ఉత్తర్వు ఇచ్చి, మర్నాడే ఆ ఏడాదికి పాత పద్ధతే అన్నారు. విద్యా సంవత్సరం మధ్యలో పిల్లలతో ఇలా ఆడుకోవడం ఎవరికీ గౌరవం కాదు. మీ పిల్లల బ్యాచ్‌కు ఏ పద్ధతి వర్తిస్తుందో జూన్‌లోనే బడిలో అడిగి రాసుకోవడం మంచిది.

ఇరవై చాలన్న మాట మాత్రం ఆరో తరగతిలోనే హిందీని అటకెక్కిస్తోంది. పాసవడానికి ఇరవై చాలు సరే. బాసర, నూజివీడు, ఇడుపులపాయ లాంటి ట్రిపుల్‌ఐటీల్లో సీటు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు అక్కడ 4 శాతం మార్కులు అదనంగా కలుపుతారు కూడా. అంత వెసులుబాటు ఉన్నచోట హిందీలో పోగొట్టుకున్న నలభై మార్కులు ఎంత దూరం లాగుతాయో ఆరో తరగతి పిల్లాడికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఒకే ఒక్క అవకాశం

అన్నిటికంటే ఎక్కువగా చేజారిపోయేది ఎన్ఎంఎంఎస్. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ అని పూర్తి పేరు. 2008 నుంచి కేంద్ర ప్రభుత్వం ఇస్తోంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివేవారికి ఎనిమిదో తరగతిలో పరీక్ష. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సంవత్సరానికి రూ.12 వేలు, నాలుగేళ్లకు రూ.48 వేలు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు.

ఏడో తరగతి మార్కులు అడుగుతారన్న సంగతి ఏడులో చదివే పిల్లల్లో ఎందరికి తెలుసు? పై తరగతికి పంపించేస్తారులే అనుకునే ఏడాది అది. పరీక్షలో రెండు భాగాలు, ఒక్కోదానికి 90 మార్కులు. మొదటిది మేధాశక్తి పరీక్ష: సంఖ్యల వరుసలు, బొమ్మల్లో తేడాలు, కోడింగ్. తరగతిలో ఎక్కడా చెప్పని పాఠమిది, సాధన చేస్తేనే వస్తుంది. రెండోదానికి ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు, సోషల్, లెక్కలు చాలు. రెండూ కలిపి 40 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 32. శ్రద్ధ ఉన్న టీచరు ఒక్కరుంటే చిన్న ఊరి బడి నుంచి కూడా ఏటా అయిదారుగురు ఎంపికవుతారు. పక్క ఊళ్లో దరఖాస్తే వెళ్లదు. తేడా పిల్లల తెలివిలో ఉందని నేననుకోను.

ఎంపికైనా కథ అయిపోదు. విద్యార్థి పేరుతో బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ అనుసంధానం, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు, ఏటా రెన్యువల్. దరఖాస్తులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే డబ్బు పడదు. పదో తరగతిలో 60 శాతం రాకపోతే ఇంటర్‌లో ఆగిపోతుంది. ఎస్సీ, ఎస్టీలకు అది 55.

పద్నాలుగేళ్ల గీత

విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే. అంటే ఎనిమిదో తరగతితో చట్టం చేయి వదిలేస్తుంది. మధ్యాహ్న భోజనానికి కేంద్రం డబ్బిచ్చేదీ అంతవరకే. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మన రెండు రాష్ట్రాలూ సొంత ఖర్చుతో పెడుతున్నాయి, అది మెచ్చుకోవాల్సిన పని. చట్టం వదిలేసిన వయసులోనే పత్తి తీతకో మిరప కోతకో పిలుపు వస్తుంది. ఆడపిల్లకు సంబంధాలు చూడటం మొదలవుతుంది.

పదో తరగతి పరీక్షకు 75 శాతం హాజరు తప్పనిసరి. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే 165 రోజులు రావాలి. అనారోగ్య కారణం చూపితే 60 శాతం వరకు మినహాయింపు దొరకొచ్చు కానీ, పత్తి చేలో గడిపిన నవంబరుకు డాక్టరు సర్టిఫికెట్ ఎక్కడ తెస్తారు? కూలికి వలస వెళ్లే కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడిపే ప్రాంతాలున్నాయి. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి. తొమ్మిది, పది చదివే ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కేంద్రం ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. బలవంతపు పెళ్లయినా, బడి మాన్పించి పనికి పెట్టినా 1098కు ఫోన్ చేయొచ్చు. చేసినవారి పేరు బయటపెట్టరు.

అన్ని సదుపాయాలూ ఇంత ఉదారంగా ఉంటాయని అనుకోకండి. పదో తరగతి పరీక్ష ఫీజు రూ.125. పేద ఎస్సీ, ఎస్టీ, బీసీలకు మినహాయింపు ఇస్తామంటూనే ఏళ్లుగా ఆదాయ పరిమితి పల్లెల్లో రూ.20 వేలు, పట్టణాల్లో రూ.24 వేలు అని పెట్టారు. సంవత్సరానికి! ఉపాధి హామీ పనికి వెళ్లే ఇంటికి కూడా తహసీల్దారు ఆ సర్టిఫికెట్ ఇవ్వలేరు. ఆ పరిమితిని ఎన్నడో మార్చాల్సింది.

'మొద్దు' అనే ముందు

అక్షరాలు తారుమారుగా రాసే పిల్లలు, బోర్డు మీది లెక్క ఎక్కించుకోలేని పిల్లలు ప్రతి తరగతిలో ఒకరిద్దరు ఉంటారు. మనవాళ్లు వాళ్లకు పెట్టే పేరు ఒక్కటే. బోర్డు కనపడకపోతే కళ్లజోడు చాలు. ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం బడికి వచ్చినప్పుడు పేరు రాయించాలి. చదవడం, రాయడంలోనే ఇబ్బంది ఉంటే అది డిస్లెక్సియా కావచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నేర్చుకోవడంలో వచ్చే ఇలాంటి ఇబ్బందులూ ఉన్నాయి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్న పిల్లలకు పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కు. అంటే ఆ పద్నాలుగేళ్ల గీత వీళ్లకు లేదు.

మండలంలో ఉండే భవిత కేంద్రాల్లో ఐఈఆర్పీలు అనే ప్రత్యేక ఉపాధ్యాయులు పనిచేస్తారు. సదరం శిబిరంలో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకుంటే, పదో తరగతిలో అర్హతను బట్టి అదనపు సమయం, రాసిపెట్టడానికి కింది తరగతి విద్యార్థి సాయం, ఒక భాష నుంచి మినహాయింపు లాంటివి వస్తాయి. శిబిరంలో స్లాట్ దొరకడానికే నెలలు పడుతుంది. పదో తరగతి ఫిబ్రవరిలో తిరగడం మొదలుపెడితే ఒరిగేదేమీ ఉండదు. మనసు బాగోలేని పిల్లలకు 2022లో మొదలైన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ నంబరు ప్రతి హైస్కూలు గోడ మీదా పెద్ద అక్షరాలతో రాయించడానికి పదో పరకో తప్ప ఖర్చు కాదు.

ఇవన్నీ చెప్పడానికి కొత్త పథకం, కొత్త కిట్టు అక్కర్లేదు. జూన్ ఆఖరులో ఒక మధ్యాహ్నం ఆరో తరగతి పిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి ఏ ఏడాది ఏం చేయాలో హెడ్మాస్టరు చెప్పి, ఒక కాగితం చేతికిస్తే చాలు. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. ఈ సమావేశం పెట్టమని హెడ్మాస్టరును అడిగే అధికారం ఆ కమిటీకి ఉంది. కమిటీలో ఉన్నవారు ఈ జూన్‌లోనే అడగండి. లేనివారు ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల సంగతి చివర్లో పెట్టుకుని, ముందు ఈ మూడూ అడిగి రండి: మా పిల్లల హాజరు ఎన్ని రోజులు, రిజిస్టరులో పేరూ పుట్టిన తేదీ ఎలా ఉన్నాయి, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు ఎప్పుడు.