కూలి పెంచితే పని పోతుందా?

రోజుకు 178 రూపాయలు. దేశంలో ఎక్కడ పనిచేసినా కూలి ఇంతకు తగ్గకూడదని 2019లో కేంద్రం ప్రకటించిన అంకె ఇది. నెలకు 26 పనిదినాలు వేసుకుంటే 4,628 రూపాయలు. అదే ఏడాది మొదట్లో, కేంద్ర కార్మిక శాఖ అనూప్ సత్పతి అధ్యక్షతన వేసిన నిపుణుల కమిటీ తన లెక్క ముందు పెట్టింది. 2018 జూలై ధరల ప్రకారం రోజుకు 375, అంటే నెలకు 9,750 రూపాయలు ఉండాలంది. పట్టణాల్లో ఇంటద్దె కోసం నెలకు మరో 1,430 దాకా కలపమంది. ఆ నివేదిక వచ్చాక అంకె 176 నుంచి 178కి పెరిగింది. రెండంటే రెండు రూపాయలు. కనీస వేతనం పెంచితే పరిశ్రమలు మూతపడతాయి, ఉన్న పనులు పోతాయి అన్న మాట వినబడినప్పుడల్లా ఈ రెండు రూపాయలు గుర్తుకు తెచ్చుకోవాలి. మనం అలా భయపడేంత ఎత్తుకు ఇంకా ఎక్కనేలేదు.

కనీస వేతనం ఎలా కట్టాలన్నది మనకు కొత్తగా తేల్చుకోవలసిన సంగతి కాదు. 1957లో 15వ భారత కార్మిక మహాసభలో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చుని ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటిని ముగ్గురు పెద్దల తిండితో సమానంగా లెక్కగట్టారు. పెద్దవాళ్లకు రోజుకు 2,700 కేలరీలు. మనిషికి ఏడాదికి 18 గజాల చొప్పున ఇంటికి 72 గజాల గుడ్డ. దానిమీద ఇంటద్దె. వంటచెరకు, దీపం, చిల్లర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం. పిల్లల చదువు, మందులు, పెళ్లి, ముసలితనం వీటికి మరో 25 శాతం చేర్చాలని 1991లో రాప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పట్టికలో విలాసమనదగ్గది ఒక్కటీ లేదు. మనిషి రేపు మళ్లీ పనికి రావాలన్నా, వాడి పిల్లలు రేపటి పనివాళ్లుగా ఎదగాలన్నా అయ్యే ఖర్చు ఇది. ఈ ఖర్చు యజమాని ఇవ్వనప్పుడు అది మాయమైపోదు. అప్పుగానో, బడి మానేసిన పిల్లగానో, రేషన్ బియ్యం మీద ప్రభుత్వం పెట్టే ఖర్చుగానో ఇంకొకరి నెత్తిన పడుతుంది.

పెంపును వ్యతిరేకించేవాళ్ల వాదనల్లో బలమైనది ఒకటుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కేరళలో కొల్లం జీడిపప్పుకు పెట్టింది పేరు. జీడిపిక్క పప్పయ్యేదాకా పని అంతా చేతుల మీదే నడుస్తుంది. పిక్కను వేయించో, ఆవిరి పట్టించో పెంకు పగలగొట్టాలి. ఆ పెంకులోని సొన తగిలితే చర్మం పొక్కుతుంది, వేళ్లు నల్లబడతాయి. తర్వాత పప్పును ఆరబెట్టి, పైనున్న పల్చటి పొట్టును విరగకుండా తియ్యాలి. గుండుకు ఒక ధర, బద్దకు ఒక ధర కాబట్టి చెయ్యి తొందరపడితే నష్టం. ఈ పని చేసేది దాదాపు అంతా ఆడవాళ్లే. కేరళలో సంఘాలు బలపడి కూలి పెరిగాక, కొల్లం యజమానుల్లో చాలామంది పిక్కలను సరిహద్దు దాటించి తమిళనాడులో పగలగొట్టించడం మొదలుపెట్టారు. అక్కడ కూలి తక్కువ. పెంచితే పని పోతుందనడానికి ఇదిగో సాక్ష్యం అంటారు.

సాక్ష్యం నిజమే. కానీ అది చెబుతున్నదేమిటి? పని దేశం వదిలి పోలేదు, మట్టం తక్కువున్న పక్క ఊరికి పోయింది. ఒక రాష్ట్రం ఒక్కటే పెంచితే దాన్ని శిక్షించడానికి పక్క రాష్ట్రం ఎప్పుడూ ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడకూలీలు రేటు పెంచమన్నా, ఇంకోచోట ఇంతకంటే తక్కువకే చేస్తున్నారన్న జవాబు యజమాని దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబు లేకుండా చేయగలిగేది దేశమంతటికీ ఒకే అడుగు మట్టం. కొల్లం కథ పెంపుకు వ్యతిరేకమని నేననుకోను. పెంపు రాష్ట్రాలకు వదిలేస్తే చాలదని అది చెబుతోంది. విదేశాల పోటీ వేరే సంగతి, వియత్నాం జీడిపప్పు మన పరిశ్రమను గట్టిగానే దెబ్బతీసింది. అయితే ఆకలి కూలితో వియత్నాంతో పోటీపడి గెలిచినా ఆ గెలుపు ఎవరికి?

ఇక అసలు ప్రశ్న. ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు, కాబట్టి కూలి పెరిగితే పనిలోకి తీసుకునేవాళ్లు తగ్గుతారు అన్నది చాలాకాలం అర్థశాస్త్రంలో తిరుగులేని మాటగా చలామణి అయింది. 1992 ఏప్రిల్‌లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం గంట వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ ఈ రెండు రాష్ట్రాల్లో 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పెంపుకు ముందు, తర్వాత లెక్కగట్టి చూశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదు. వాళ్ల పద్ధతి మీద ఏళ్ల తరబడి వాదాలు నడిచాయి, 2021లో కార్డ్‌కు నోబెల్ వచ్చింది. అమెరికా సంగతి మనకెందుకు అనవచ్చు. అయితే మన గడ్డ మీదే అంతకంటే పెద్ద పరీక్ష జరిగింది.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. కొన్నేళ్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ కూలి డబ్బులను స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించే ఏర్పాటు చేసినప్పుడు, 8 జిల్లాల్లో 157 మండలాలను లాటరీ పద్ధతిలో విడదీసి, కొన్నిటిలో ముందుగా, కొన్నిటిలో ఆలస్యంగా అమలు చేశారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ ఆ తేడాను కొలిచారు. ముందుగా కార్డులు వచ్చిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం పదో వంతుకు పైగా పెరిగింది. అందులో ఎక్కువ భాగం ఉపాధి హామీ నుంచి కాదు, బయటి పనుల్లోంచి వచ్చింది. చేతికి సరిగ్గా డబ్బొచ్చే పని ఇంకొకటి ఉందని తెలియగానే పొలాల్లోనూ కూలి రేటు పెరిగింది. పెరిగినందుకు ప్రైవేటు పని తగ్గిందా అంటే తగ్గలేదు, పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్నచోట ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ.

ఇది నేరుగా కనీస వేతన చట్టం మీద జరిగిన పరీక్ష కాదు. అయినా కూలి రేటు ఎలా నిర్ణయమవుతుందో దీనికంటే స్పష్టంగా చూపించే ఆధారం మన దగ్గర తక్కువ. ఊళ్లో పని ఇచ్చేవాళ్లు నలుగురే అయినప్పుడు, చంటిపిల్లను వదిలి ఆడమనిషి దూరం పోలేనప్పుడు, ముందే తీసుకున్న అడ్వాన్సు కాలికి బంధమైనప్పుడు, కూలి ఆమె పనితనాన్ని బట్టి తేలదు. ఆమెకు ఇంకో దారి లేకపోవడాన్ని బట్టి తేలుతుంది. అలాంటి చోట చట్టం ఒక మట్టం గీస్తే, తక్కువ రేటుకు రానని ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా పనికి వస్తారు. ఎంత పెంచినా ఇలాగే ఉంటుందని కాదు. మట్టాన్ని మరీ ఎత్తుకు లేపితే చిన్న కార్ఖానాలు నిలబడలేవు, నిజమే. కానీ కేంద్రమే తన పరిధిలోని సంస్థల్లో, పెద్ద నగరాల్లో నిర్మాణం, ఊడ్చే పని, సరుకు ఎత్తుదింపుడు చేసే నైపుణ్యం లేని కార్మికులకు 2024 అక్టోబర్ నుంచి రోజుకు 783 రూపాయలు నిర్ణయించింది. ఆ అంకె పక్కన 375 పెట్టి చూడండి.

చిన్న రైతు సంగతి మాత్రం వేరు. అయిదెకరాల రైతు కోతలప్పుడు కూలీలను పెట్టుకుంటాడు, మిగతా రోజుల్లో తానే ఇంకొకరి పొలంలో కూలి చేస్తాడు. పంటకు గిట్టుబాటు ధర రాకుండా కూలి మాత్రం పెంచమంటే అతనికి అన్యాయమే. దానికి విరుగుడు మద్దతు ధర లెక్కలో పెరిగిన కూలిని పూర్తిగా కలపడం, ఆ ధరకు నిజంగా కొనడం. నాట్లు వేసే ఆడకూలీ కూలిని అణిచిపెట్టి రైతును కాపాడడం ఇన్నేళ్లుగా చేస్తున్నదే, దానితో రైతు బాగుపడింది లేదు.

చట్టం ఉన్నా అమలు కాదు కదా, పెంచి ఏం లాభం అనేవాళ్లున్నారు. పాత 1948 చట్టం షెడ్యూలులో ఉన్న పనులకే వర్తించేది. అయిదేళ్లకు మించకుండా రేట్లు సవరించాలన్న నిబంధనను రాష్ట్రాలు ఎన్నోసార్లు దాటవేశాయి. 178 అనే అడుగు మట్టమైతే సలహా మాత్రమే, పాటించి తీరాలన్న నిర్బంధం ఉండేది కాదు. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఇప్పుడు కనీస వేతనం అన్నిరకాల పనివాళ్లకూ హక్కు. కేంద్రం నిర్ణయించే అడుగు మట్టానికి దిగువన ఏ రాష్ట్రమూ రేటు పెట్టకూడదు, ఇప్పటికే ఎక్కువ ఇస్తున్నచోట తగ్గించకూడదు. అందుకే ఆ అంకె ఎంతన్నది ఇంతకుముందెన్నడూ లేనంత ముఖ్యమైంది. 375 అన్నది 2018 నాటి ధర. దానికి ఈ ఏళ్ల ధరల పెరుగుదల కలిపిన తర్వాతే బేరం మొదలవ్వాలి.

కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు రాశారు. మీ అపార్టుమెంటు గేటు దగ్గర 12 గంటలు కాపలా ఉండే మనిషి చేతికి ఏజెన్సీ ఎంత ఇస్తోందో ఈ నెల మీ సంఘం సమావేశంలో అడగండి. మామూలు పనివేళ దాటిన ప్రతి గంటకూ రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టంలోనే ఉంది.