దంతారోగ్యం – కుటుంబ క్షేమం

సంస్కృతంలో పక్షికీ పంటికీ ఒకే పేరుంది – ద్విజం. గుడ్డుగా ఒకసారి, పిల్లగా మరొకసారి పుట్టేది పక్షి. పాలపన్నుగా మొలిచి, ఊడి, మరల మొలిచేది దంతం. ఈ పేరు పెట్టిన పూర్వులు మూడవ జన్మ ఊసెత్తలేదు. అయినా ‘ఎలాగూ ఊడే పళ్లే కదా’ అని పిల్లల విషయంలోను, ‘వయసు మీరితే పళ్లు కదలవా’ అని పెద్దల విషయంలోను ఉపేక్ష వహించడం పరిపాటి అయింది. ఈ రెండు మాటలూ సత్యదూరాలే.

వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురంలో లేసు అల్లికపై ఆధారపడిన ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. అరుగు మీద మామ్మ బుగ్గన పొగాకు పెట్టుకొని లేసు అల్లుతుంటుంది. ఆమె కొడుకు మధుమేహ రోగి. కోడలు గర్భవతి. మూడేళ్ల మనుమడు పంచదార కలిపిన పాలసీసాను నోట పెట్టుకొనే నిద్రపోతాడు.

పసివాని సంగతి ముందు చూడాలి. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటిపై ఉండే పింగాణీ పొరలోని ఖనిజాలను కరిగిస్తుంది. పగలు లాలాజలం ఆ నష్టాన్ని కొంతవరకు పూడుస్తుంది. నిద్రలో అది ఊరడం తగ్గిపోతుంది. కాబట్టి రాత్రివేళ నోట నిలిచిన తీపిపాలు పై వరుస ముందు పళ్లను గోధుమరంగుకు తెచ్చి తినివేస్తాయి. నొప్పితో బిడ్డ తిండి మానుతాడు, నిద్రపోడు, బరువు పెరగడు. పాలపంటి మూలంలో చీము పడితే దాని కిందనున్న శాశ్వత దంతాంకురం కూడా దెబ్బతినవచ్చు. మరొక పొరపాటు ఆరేళ్ల ప్రాయంలో జరుగుతుంది. ఆ వయసులో ఏ పన్నూ ఊడకుండానే పాలపళ్ల వెనుక ఒక దవడపన్ను వస్తుంది. అది శాశ్వతమైనది. దానిని పాలపన్నుగా భ్రమించి పుచ్చిపోనిచ్చిన తల్లిదండ్రులెందరో!

తండ్రి చిగుళ్ల నుండి రక్తం కారితే ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకుంటాడు. రక్తం వచ్చే చోట తోమడం మానుతాడు. నిజానికి అక్కడ పేరుకొన్న పాచి గట్టిపడి గారగా మారి, చిగురును పంటి నుండి విడదీస్తూ ఉంటుంది. మధుమేహానికీ చిగుళ్ల వ్యాధికీ ఉన్న సంబంధం ఇరువైపులా సాగేది. రక్తంలో చక్కెర హెచ్చితే చిగుళ్లకు వ్యాధి నిరోధకశక్తి తగ్గుతుంది. చిగుళ్ల వాపు హెచ్చితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. చిగుళ్లకు చికిత్స జరిగితే చక్కెర కూడా కొంతమేర అదుపులోకి వస్తుందని పరిశోధనలు తేల్చాయి.

అయితే సమస్త రోగాలకూ పళ్లనే నిందించడం తగదు. 1891లో మిల్లర్ అనే అమెరికన్ దంతశాస్త్రవేత్త నోటిలోని సూక్ష్మజీవులే దూరపు అవయవాలకూ రోగం తెస్తాయని రాశాడు. ఆ ఆలోచన ముదిరి, ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో పాశ్చాత్య దేశాల వైద్యులు కీళ్లనొప్పులు మొదలైన వ్యాధులకు సైతం మంచి పళ్లనే వరుసగా పీకివేశారు. తరువాత ఆ పద్ధతి తప్పని తేలింది. గుండెజబ్బు, చిగుళ్ల వ్యాధి కలసి కనిపిస్తాయన్నది నిజం. ఒకటి మరొకదానికి కారణమని నిర్ధారణ కాలేదు. గుండె కవాటాలు దెబ్బతిన్నవారు మాత్రం ఆ సంగతిని దంతవైద్యునికి ముందే చెప్పితీరాలి.

గర్భిణికి హార్మోనుల మార్పువల్ల చిగుళ్లు ఉబ్బుతాయి. తల్లి పళ్లలోని సున్నాన్ని బిడ్డ లాగేసుకుంటుందనే మాట అపోహ. వేవిళ్లతో వాంతి అయిన వెంటనే తోమకుండా నీటితో పుక్కిలించడం మేలు. కడుపుతో ఉన్నప్పుడు పంటివైద్యం కూడదన్న భయమూ అక్కరలేదు.

మామ్మ విషయం అన్నిటికంటే గంభీరమైనది. పొగాకు పెట్టే చోట తెల్లని మచ్చ ఏర్పడినా, రెండు వారాలు దాటినా పుండు మానకపోయినా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా అది క్యాన్సర్‌కు సూచన కావచ్చు. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు, అదే ప్రమాదం. ఉత్తర కోస్తాలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పును నోటి లోపల ఉంచి పీల్చే అడ్డపొగ అలవాటువల్ల అంగిలికి క్యాన్సర్ వస్తున్నదని 1950వ దశకంలోనే వైద్యులు గుర్తించారు.

మన పూర్వులకు దంతరక్షణ తెలియనిది కాదు. పన్నెండు అంగుళాల పొడవు, చిటికెనవేలి లావు గల పుల్ల కావాలనీ, చేదు రుచి గలవాటిలో వేప శ్రేష్ఠమనీ సుశ్రుతసంహిత చెబుతుంది. ఆ పందుంపుల్ల స్థానంలో ఇటుకపొడి, బొగ్గు వాడేవారు పింగాణీ పొరను తామే అరగదీసుకొంటున్నారు. మెత్తని బ్రష్షు, ఫ్లోరైడు గల పేస్టు, రోజుకు రెండుసార్లు, అందులోనూ పడుకొనే ముందు – ఇంతకుమించిన ఖర్చు లేదు.

పై పన్ను తీయిస్తే చూపు పోతుందనే నమ్మకం ఇప్పటికీ వినిపిస్తుంది. కంటినరాలకూ పంటినరాలకూ అటువంటి సంబంధం లేదు. ఈ భయంతో మాత్రలు మింగుతూ కాలం గడిపితే, కింది దవడపంటి చీము మెడలోకి దిగి, నాలుక కింద వాచి, ఊపిరి ఆడక ప్రాణమే పోవచ్చు. దవడ వాచి, జ్వరం వచ్చి, మింగడం కష్టమైతే ఆ పూటే ఆసుపత్రికి చేరాలి. నరసాపురానికి సమీపంలోని భీమవరంలో దంతవైద్య కళాశాల 2002లోనే ఏర్పడింది. గంట ప్రయాణం. లేసు అల్లే మామ్మకు ఒక రోజు కూలి పోతుంది.