రాయి లేని సమాధిని గుర్తించేదెలా?

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, నాగ్‌పూర్ నుంచి ఆసన్‌సోల్‌కు వేసిన లైనుతో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణంగా ఎదిగింది. అక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఇలాంటి ఊళ్లలో ఉద్యోగులు బదిలీపైనో, పదవీ విరమణతోనో వెళ్లిపోతారు. వారి ఆప్తుల సమాధులు మాత్రం అక్కడే మిగులుతాయి. ఆలనాపాలనా లేని సమాధుల తోటలో పొదలు పెరుగుతాయి, రాళ్లు కూలుతాయి. చివరికి అది ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. ఖాళీ అనుకున్న చోటే రోడ్డో, ప్రహరీయో వస్తుంది. కాబట్టి మిగిలిన రాళ్లను లెక్కపెడితే చాలదు. చెక్క శిలువతో సరిపెట్టిన పేదల సమాధులనూ గుర్తించాలి.

నేల చెప్పే ఆనవాళ్లు

తవ్వి పూడ్చిన మట్టిలో సహజమైన పొరలు చెదిరిపోతాయి. కాలక్రమంలో అది కుంగి, మనిషి పొడవున పల్లం ఏర్పడుతుంది. అక్కడ తేమ ఎక్కువసేపు నిలవడం వల్ల చుట్టుపక్కల గడ్డి ఎండినా అది పచ్చగా ఉండవచ్చు. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో ఈ పల్లాల నీడలు స్పష్టంగా కనిపిస్తాయి. క్రైస్తవ సమాధులు సాధారణంగా తూర్పు పడమరలుగా ఉంటాయి. పల్లాలన్నీ అదే దిశలో వరుసగా ఉంటే అనుమానం బలపడుతుంది.

రాడార్ పరిమితి

భూమిలోకి చూసే రాడార్ రేడియో తరంగాలను నేలలోకి పంపుతుంది. చెదిరిన మట్టి, పెట్టె, ఖాళీ జాగా ఉన్నచోట అవి పరావర్తనం చెందుతాయి. ఇసుక నేలలో ఇది బాగా పనిచేస్తుంది. ఛత్తీస్‌గఢ్ రైతులు 'కన్హార్' అని పిలిచే నల్ల బంకనేల మాత్రం తరంగాలను త్వరగా పీల్చేస్తుంది. ఆ నేల తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారడంతో పై గుర్తులూ చెరిగిపోతాయి. అందుకే ఏ ఒక్క పద్ధతినీ నమ్ముకోకూడదు.

నమోదు

ఫోన్ జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా రావచ్చు. సమాధుల మధ్య దూరం అంతకన్నా తక్కువే. కాబట్టి గేటు మూల వంటి కదలని గుర్తు నుంచి టేపుతో కొలిచి, ప్రతి సమాధికీ నంబరు ఇచ్చి, పటం గీయాలి. అరిగిన అక్షరాలపై పక్కనుంచి టార్చి వెలుగు వేస్తే చదవగలం. ఇనుప బ్రష్షు, ఆమ్లం వాడితే ఉన్న అక్షరాలూ పోతాయి. తప్పులతో సహా చెక్కినది చెక్కినట్టే రాసుకోవాలి.

పేర్లు ఎక్కడ?

చర్చి ఖనన రిజిస్టర్లలో పేరు, వయసు, వృత్తి, మరణ కారణం, తేదీ ఉంటాయి. బ్రిటిష్ కాలంలో లండన్‌కు పంపిన వాటి నకళ్లు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అప్పట్లో బిలాస్‌పూర్ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. ఆ ప్రాంత సమాధి శాసనాల జాబితాను ఓ.ఎస్. క్రాఫ్టన్ 1932లో ప్రచురించారు. అయితే రాయే లేని సమాధి శాసనాల జాబితాకు ఎక్కదు.

గొయ్యి ఎక్కడుందో నేల చెబుతుంది, ఎవరు పోయారో రిజిస్టరు చెబుతుంది. ఈ రెండింటినీ కలిపే ఆధారం దొరకనప్పుడు ఊహించి పేరు పెట్టకూడదు. 'పేరు తెలియదు' అని రాసినా పటంలో ఆ చోటు ఉండాలి. రేపు అక్కడ పునాది తవ్వబోయేవారిని ఆపేది ఆ గుర్తే.