బండిలో ఇల్లు: నీళ్ళు ఎక్కడివి? మురుగు ఎక్కడికి?

మౌలాలి నుంచి ఉస్మానియా క్యాంపస్ చూడటానికి వచ్చిన ఒక తొమ్మిదేళ్ళ పాప, ఆర్ట్స్ కాలేజీ దగ్గర షూటింగు కోసం ఆగి ఉన్న క్యారవాన్‌ని చూసి అడిగిన ప్రశ్న ఇది. "ఆ బండిలో బాత్రూమ్ ఉందట. కానీ నల్లా కనెక్షన్ లేదు, మోరీ లేదు. నీళ్ళు ఎట్ల వస్తయి? వాడినంక ఎటు పోతయి?"

ప్రశ్నలో రెండు సగాలున్నాయి. మనలో చాలామందికి మొదటి సగమే తడుతుంది. పాపకు రెండోది కూడా తట్టింది. బండిలో కాపురం చేసేవాళ్ళకి అసలు చిక్కంతా ఆ రెండో సగంతోనే.

ముందు ఇంటి సంగతి చూద్దాం. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో సంపు ఉంటుంది. సంపు నిండాక మోటారు వేసి మిద్దెమీది సింటెక్స్ ట్యాంకులోకి ఎక్కిస్తారు. వాడిన నీళ్ళు గొట్టంలో దిగి వీధి డ్రైనేజీలో కలుస్తాయి. సంపు అడుగంటితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, ట్యాంకరుకు ఫోన్ చేస్తారు. డ్రైనేజీలో ఇంకా ఎంత చోటుందని మాత్రం ఎవరూ లెక్క వేసుకోరు. గడప దాటాక ఆ పని ఊరిది. క్యారవాన్‌కి ఊరు లేదు కాబట్టి సంపుతోపాటు డ్రైనేజీని కూడా తనే మోయాలి.

అందుకే, అమెరికాలో మనవాళ్ళు సెలవులకు అద్దెకు తీసుకునే ఆర్వీల్లో (ఇల్లులాంటి బళ్ళలో) సాధారణంగా మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్ళది. సింకు, స్నానం నీళ్ళు చేరేది 'గ్రే' ట్యాంకు. సబ్బునీళ్ళ బూడిదరంగు వల్లే దానికా పేరు. టాయిలెట్‌ది 'బ్లాక్' ట్యాంకు.

అయితే మన ఇంట్లోలాగా నీళ్ళ ట్యాంకును బండి నెత్తిన పెట్టొచ్చు కదా, నీళ్ళు వాటంతటవే దిగుతాయి? రైల్లో అలాగే చేశారు. పాతకాలపు రైలు పెట్టెల పైకప్పు కింద సుమారు 1800 లీటర్లు పట్టే ట్యాంకులుంటాయి. లీటరు నీళ్ళు కిలో బరువు, అంటే దాదాపు రెండు టన్నులు నెత్తిమీద ఉన్నట్టు. పెట్టె బరువు ముందు అది పెద్ద లెక్క కాదు, పైగా పట్టాల మలుపులు మెల్లగా తిరుగుతాయి. క్యారవాన్ అంత బరువైనది కాదు, రోడ్డు మలుపులూ గట్టివి. 150 లీటర్లంటే ఇద్దరు మనుషుల బరువు. దాన్ని పైన పెడితే మలుపులో బండి ఒరుగుతుంది. సగం నిండిన ట్యాంకు ఇంకా మొండిది. నీళ్ళ ట్యాంకరు డ్రైవర్లకు ఇది బాగా తెలుసు: బ్రేకు వేసినప్పుడు నీళ్ళు ముందుకు ఉరికి బండిని నెడతాయి. అలా ఉరకకుండా ట్యాంకరు లోపల అడ్డు రేకులు పెడతారు.

కాబట్టి క్యారవాన్‌లో ట్యాంకులు కిందే ఉంటాయి. నీళ్ళు పైకి రావాలంటే బ్యాటరీతో నడిచే చిన్న పంపు కావాలి. నల్లా తిప్పగానే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గుదలకు పంపు దానంతటదే ఆన్ అవుతుంది. క్యారవాన్‌లో చెయ్యి కడిగినప్పుడల్లా వినబడే గుర్రుమనే చప్పుడు దానిదే.

ఇప్పుడు ఎన్నాళ్ళొస్తాయన్న లెక్క. మన దేశంలో నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నీటి పథకాలు వేస్తారు. నలుగురికి 540. మన క్యారవాన్ ట్యాంకు 150 లీటర్లనుకుంటే, పొద్దున ఆరింటికి మొదలుపెట్టిన కుటుంబానికి మధ్యాహ్నం భోజనాలకే అయిపోతాయి. షవరు ఒక్కటే నిమిషానికి ఏడెనిమిది లీటర్లు తాగుతుంది. అందుకే బండిలో ఉండేవాళ్ళు ఒళ్ళు తడుపుకుని కట్టేస్తారు, సబ్బు రుద్దుకున్నాక మళ్ళీ తిప్పుతారు. బకెట్టు, చెంబుతో పెరిగినవాళ్ళకు దీన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు.

స్నానాలు పక్కనపెట్టి, పొదుపుగా వాడే నలుగురి లెక్క వేద్దాం. తాగడానికి, వంటకు 12 లీటర్లు. గిన్నెలు, ముఖం, చేతులకు 16. టాయిలెట్‌కి 20. మొత్తం 48. అంటే 150 లీటర్లు మూడు రోజులొస్తాయి. నాలుగో రోజు ఏ పెట్రోలు బంకులోనో బతిమాలి నల్లా నీళ్ళు పట్టుకోవచ్చు, డబ్బాలతో తెచ్చి పోసుకోవచ్చు. నీళ్ళు దొరికాయి కదా, ఇంక ఆనందమేనా? కాదు. బ్లాక్ ట్యాంకు చూడండి. రోజుకు టాయిలెట్‌కి పోసిన 20 లీటర్లు అందులోకే పోయాయి. తాగిన నీళ్ళు కూడా ఒంట్లో ఉండిపోవు, నలుగురివి కలిపి ఇంకో ఆరు లీటర్లనుకోండి. రోజుకు 26. ట్యాంకు 100 లీటర్లదైతే నాలుగో రోజు సాయంత్రానికి నిండుతుంది. మంచినీళ్ళు ఎవరైనా ఇస్తారు, బ్లాక్ ట్యాంకును మాత్రం ఎవరింటి ముందూ దించనివ్వరు. ప్రయాణం ఎన్నాళ్ళో తేల్చేది అదే.

అయితే టాయిలెట్‌లో నీళ్ళు తగ్గించేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. చాలామంది కొత్తవాళ్ళు అదే చేస్తారు, అక్కడే దెబ్బతింటారు. నీళ్ళు చాలకపోతే గట్టి పదార్థం ట్యాంకులో పరుచుకోదు, పడినచోటే గుట్టలా పేరుకుని ఎండుతుంది. తర్వాత ఎంత నీళ్ళు పోసినా కదలదు. తేలాలన్నా జారాలన్నా ద్రవం కావాలి. పొదుపు స్నానంలో చేయాలి, గిన్నెల దగ్గర చేయాలి; ఇక్కడ కాదు. కాగితం వాడేవారి కంటే నీళ్ళు వాడే మనవాళ్ళకు ట్యాంకు కాస్త తొందరగా నిండుతుంది గానీ, గుట్ట కట్టే బాధ తక్కువ.

ట్యాంకు ఎంత నిండిందో చూపే దీపాలు బండిలో ఉంటాయి. వాటిని పూర్తిగా నమ్మకూడదు. ట్యాంకు గోడకున్న లోహపు మొనలను నీళ్ళు తాకితే దీపం వెలుగుతుంది. ఆ మొనకు తడి కాగితం ముక్క అంటుకున్నా వెలుగుతుంది. అందుకని అనుభవమున్నవాళ్ళు దీపంతోపాటు రోజులు కూడా లెక్కపెట్టుకుంటారు.

మరి రైల్లో ఇంతమంది ప్రయాణిస్తారు, ఆ మురుగంతా మోసుకెళ్తారా? చాలాకాలం మోయలేదు, పట్టాల మీదికే వదిలేశారు. స్టేషన్‌లో రైలు ఆగి ఉన్నప్పుడు మరుగుదొడ్డి వాడొద్దని పెట్టెలో రాసి ఉండటానికి కారణం అదే. పట్టాలూ వాటిని పట్టి ఉంచే క్లిప్పులూ తుప్పు పట్టేవి. పట్టాల మీద పనిచేసే మనుషుల సంగతి చెప్పనక్కర్లేదు. 2011లో బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌తో మొదలుపెట్టి రైల్వే బయో టాయిలెట్లు తెచ్చింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓతో కలిసి తయారుచేసిన పద్ధతి అది. మౌలాలి స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు టాయిలెట్ దిక్కున పెట్టె అడుగున చూస్తే వేలాడే స్టీలు డబ్బా కనబడుతుంది. అందులో గాలి అక్కర్లేని బ్యాక్టీరియా (సూక్ష్మజీవులు) ఉంటాయి. అవి మలాన్ని తిని నీరుగా, మీథేన్, కార్బన్ డయాక్సైడ్ వాయువులుగా మారుస్తాయి. ఆ నీరే బయటికి పోతుంది. ఇక్కడ ట్యాంకు దాచిపెట్టదు, జీర్ణం చేస్తుంది. అందుకే రోజూ ఎంతోమంది వాడినా తొందరగా నిండిపోదు. ప్లాస్టిక్ సీసా పడేస్తే మాత్రం ఆగిపోతుంది, దాన్ని తినే సూక్ష్మజీవి అందులో లేదు.

క్యారవాన్‌కీ ఆ సూక్ష్మజీవులే చాలవా? వాసన తగ్గించే మందుల్లో కొన్ని అలాంటివే. కానీ వాటికి సమయం కావాలి, నాలుగు రోజులకోసారి ఖాళీచేసే ట్యాంకులో అవి పుంజుకునేసరికే దించేస్తాం. ఫినాయిలు, బ్లీచింగు పోస్తే అవి చస్తాయి. ఇంటి సెప్టిక్ ట్యాంకులో యాసిడ్ పోయొద్దనేది కూడా ఇందుకే.

ఇక దించడం. మురుగుకాల్వ కనెక్షన్ ఉన్నచోటికో, ఇందుకోసం కట్టిన 'డంప్ స్టేషన్'కో బండిని తీసుకెళ్ళి ముందు బ్లాక్ ట్యాంకు తెరవాలి, ఆ తర్వాత గ్రే. సబ్బునీళ్ళు వెనకాల వస్తే గొట్టం తనంతట తనే కడుక్కుంటుంది. వరస తప్పితే గొట్టంలో మిగిలేదేమిటో చెప్పనక్కర్లేదు. కనెక్షన్ ఉందికదా అని బ్లాక్ కవాటం రోజంతా తెరిచి ఉంచినా తప్పే: ద్రవం ముందు జారిపోయి గట్టిది మిగిలిపోతుంది. సగానికి పైగా నిండనిచ్చి ఒక్కసారిగా తెరిస్తే ఆ ఊపుకు అన్నీ కొట్టుకుపోతాయి. చివరికి కవాటం మూశాక ఖాళీ ట్యాంకులో మళ్ళీ ఏడెనిమిది లీటర్ల మంచినీళ్ళు పోయాలి, తర్వాత పడేది తడి అడుగు మీద పడేలా.