ప్రధానమంత్రి వంటశాల

యుద్ధచరిత్రలు వ్రాసేవారు సేనానుల వ్యూహాలను, నాయకుల ఉపన్యాసాలను విస్తరించి వర్ణిస్తారు. ఆ నాయకులకు వేళకు భోజనం సమకూర్చినవారెవరని సాధారణంగా విచారించరు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్రిటిష్ ప్రధానమంత్రి విన్‌స్టన్ చర్చిల్ ఇంట వంట చేసిన జార్జీనా లాండ్‌మేర్ జీవితాన్ని పరిశీలిస్తే, ఆ పని ఎంత కష్టతరమైనదో మనకు బోధపడుతుంది.

ఆమె 1882లో ఇంగ్లండులో జన్మించింది. చిన్ననాడే సంపన్నుల ఇండ్లలో పనికి కుదిరి, అంట్లు తోమే స్థితినుండి క్రమంగా వంటశాలకు అధికారిణి అయింది. 1909లో పాల్ లాండ్‌మేర్ అనే ఫ్రెంచి పాకనిపుణుని వివాహమాడింది. అందువల్ల ఆంగ్లేయుల సాదా వంట, ఫ్రెంచివారి సున్నితమైన వంట రెండూ ఆమెకు కరతలామలకాలయ్యాయి. 1932లో భర్త మరణించాడు. విందులకు వంట చేసిపెట్టడమే జీవనోపాధిగా, చర్చిల్ కుటుంబానికీ అప్పుడప్పుడు వండుతూ వచ్చిన ఆమె 1940లో వారివద్ద స్థిరంగా కుదురుకొన్నది.

ఆ సంవత్సరం జనవరిలోనే బ్రిటన్‌లో ఆహారపదార్థాల రేషను ప్రారంభమైంది. పరిమాణాలు మారుతూ వచ్చినా, ఒక మనిషికి వారానికి వెన్న రెండు ఔన్సులు, అనగా సుమారు 57 గ్రాములు, గ్రుడ్డు ఒకటి అన్నది సామాన్యమైన లెక్క. ప్రభుత్వాతిథ్యానికి అదనపు కూపన్లు ఉండేవి. చర్చిల్ గారి చార్ట్‌వెల్ ఎస్టేటునుండి కొన్ని పదార్థాలు వచ్చేవి. కనుక ఆ ఇల్లు సామాన్యగృహం వంటిది కాదు. కాని అతిథుల సంఖ్యకుగాని, యజమాని భోజనవేళకుగాని నియమం లేదు. సూపు, మాంసం వేడిగా నిలిపి ఉంచవచ్చును. గ్రుడ్ల నురుగుతో పొంగించే సూఫ్లే మాత్రం పొయ్యి దిగిన కొద్ది నిమిషాలకే అణగిపోతుంది. ఏది ముందు వండాలి, ఏది చివరివరకు ఆపాలి అన్న వివేచనలోనే ఆమె నేర్పంతా ఉండేది.

1940 అక్టోబరు 14 రాత్రి లండన్‌పై బాంబులు పడుతుండగా, భోజనం చేస్తున్న చర్చిల్‌కు ఏదో తోచి, లేచి వంటశాలకు వెళ్లాడు. వంటకాలను భోజనశాలకు చేర్చి, అందరూ వెంటనే రక్షణస్థలానికి పోవలసిందని ఆజ్ఞాపించాడు. మూడు నిమిషాలకు సమీపంలో బాంబు పడి వంటశాల ధ్వంసమైంది. ఈ సంగతిని ఆయనే తన యుద్ధచరిత్రలో వ్రాశాడు. అటుపిమ్మట కుటుంబం మరింత భద్రమైన భవనానికి మారింది. లాండ్‌మేర్ అక్కడా వంట సాగించింది.

ఇక్కడ మేము ఒక విషయం విస్మరించలేము. 1943లో వంగదేశాన్ని క్షామం పీడించింది. మృతుల సంఖ్య 30 లక్షలవరకు ఉండవచ్చునని అంచనాలున్నవి. భారత ప్రభుత్వం అర్థించినంత ధాన్యానికి చర్చిల్ మంత్రివర్గం ఓడలు కేటాయించలేదు. ఆ నిర్ణయంలో వంటయింటి స్త్రీకి పాత్ర లేదు. అయినా ఆ భోజనాల బల్లను తలచుకొన్నప్పుడు, ఇక్కడ అన్నం లేక మరణించినవారు కూడా మనకు స్ఫురించక తప్పదు.

1945 మేలో ఐరోపాలో విజయం లభించిన దినాన చర్చిల్ ఆమెకు ప్రత్యేకంగా కృతజ్ఞత తెలిపాడు. ఆమె ఉద్యోగం విరమించిన 1954లోనే బ్రిటన్‌లో ఆహారపు రేషను పూర్తిగా తొలగింది. 1958లో ఆమె వంటల పుస్తకం శ్రీమతి చర్చిల్ ముందుమాటతో వెలువడింది. తన జీవితకథను కూడా వ్రాసుకొన్నది కాని, అందులో చాలాభాగం తానే నాశనం చేసింది. 1978లో ఆమె మరణించింది. యజమాని యుద్ధచరిత్ర ఆరు సంపుటాలుగా నిలిచింది. ఆమె స్వహస్తంతో వ్రాసుకొన్న కథలో మనకు మిగిలినవి కొద్ది పుటలే.