ఇంట్లో బిగించిన ‘పనెరాయ్’: అపోహలు – వాస్తవాలు

లక్షలు పెడితే గానీ రాని వాచీని పోలినదాన్ని, విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకునే సరదా చాలా దేశాల్లో ఉంది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టిన పనెరాయ్ ఈ సరదారాయుళ్లకు బాగా నచ్చే నమూనాల్లో ఒకటి. పెద్ద కేసు, చీకట్లో వెలిగే లావుపాటి అంకెలు. చూసినవాళ్లలో కొందరు దొంగ సరుకని తీసిపారేస్తారు, కొందరు అసలుకు ఏం తీసిపోదంటారు. రెండూ సరికావు.

అపోహ: అంత ఖరీదైన వాచీలో మరెక్కడా దొరకని మిషన్ ఉంటుంది.

వాస్తవం: పనెరాయ్ కథ వింటే ఈ నమ్మకం నిలవదు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆ కంపెనీ ఇటలీ నౌకాదళం చేతికిచ్చిన వాచీలను తయారుచేసి పెట్టింది రోలెక్స్. 1993లో మామూలు జనానికి అమ్మడం మొదలుపెట్టినప్పుడు లోపల పెట్టింది యూనిటాస్ 6497. అది అసలు జేబు గడియారం కోసం రూపొందిన స్విస్ మిషన్. 36.6 మిల్లీమీటర్ల వెడల్పు, 17 రాళ్లు, చేత్తో కీ ఇవ్వాలి. సొంత కర్మాగారంలో రూపొందించిన పి.2002 మిషన్‌ను పనెరాయ్ బయటపెట్టింది 2005లోనే. 6497 విడిగా దొరుకుతుంది. దాన్ని అనుకరిస్తూ చైనాలోని టియాంజిన్‌లో సీగల్ కంపెనీ చేసే ఎస్‌టీ36 ఇంకా చవక. భాగాలు పెద్దవి కాబట్టి కొత్త చేతికీ లొంగుతాయి. ఇంట్లో బిగించేవాళ్లు ఈ నమూనాను పట్టుకోవడానికి అసలు కారణం ఇదే.

అలాగని అసలు పనెరాయ్, ఇంట్లో బిగించినది ఒకటే అనుకోవద్దు. ఒకే మూలం నుంచి వచ్చిన మిషన్‌కైనా అంచులు నునుపు చేయడం, వేర్వేరు భంగిమల్లో పెట్టి వేగం సరిచూడటం, నీళ్లు చొరకుండా పరీక్షించడం వేరే పనులు. ధరలో కొంత ఆ పనికి, చాలా భాగం పేరుకు. ఆ రెండో భాగం ఎంతుండాలన్నది కొనేవాళ్ల ఇష్టం. నాకైతే అతిగానే అనిపిస్తుంది.

అపోహ: పోలిక ఉంటే చాలు, అది నకిలీయే. లేదా, డయల్ మీద పేరు వేయకపోతే ఏ చిక్కూ లేదు.

వాస్తవం: పోలిక వేరు, మోసం వేరు. పేరులేని డయల్‌తోనో, సొంత పేరుతోనో చేసుకున్నదాన్ని నకిలీ అనలేం. కంపెనీ పేరు అచ్చువేస్తే మాత్రం సంగతి మారిపోతుంది. మన దేశంలో 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం సెక్షన్ 103 ప్రకారం తప్పుడు మార్కు వేయడానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. చాలామందికి తట్టని సంగతి ఇంకోటి: పనెరాయ్ లూమినార్‌లో కీ ఇచ్చే బొత్తాన్ని కాపాడే అర్ధచంద్రాకారపు కమ్మీ కూడా రిజిస్టరైన మార్కే. ఆ మాట దాని మీదే చెక్కి ఉంటుంది. అందుకే జాగ్రత్తపరులు ఆ కమ్మీ లేని పనెరాయ్ నమూనా రేడియోమీర్ పోలికనే ఎంచుకుంటారు.

అపోహ: రాళ్లు ఎన్ని ఎక్కువుంటే వాచీ అంత గొప్పది.

వాస్తవం: మన ఇళ్లలోని హెచ్‌ఎంటీ డయళ్ల మీద ‘17 జ్యువెల్స్’ అని చూసి, విప్పితే కెంపులు రాలతాయనుకున్నవాళ్లు లేకపోలేదు! కెంపులే, కానీ కొలిమిలో చేసినవి. ఫ్రాన్స్‌కు చెందిన వెర్న్యూయ్ 1902లో కృత్రిమ కెంపు తయారీ విధానాన్ని వెల్లడించాక వాటి ధర పడిపోయింది. ఇరుసులు అరిగిపోకుండా చూడటమే వాటి పని. చేత్తో కీ ఇచ్చే సాదా వాచీకి 17 చాలు.

అపోహ: ధర పెరిగితే టైము కచ్చితంగా ఉంటుంది.

వాస్తవం: సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ ముక్క ఉన్న చవక బ్యాటరీ వాచీ ముందు కీ వాచీ ఎంత ఖరీదైనదైనా ఓడిపోతుంది. 6497 గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, రోజుకు 4,32,000. రోజుకు పది సెకన్లు తప్పితే అది 8,640లో ఒక వంతు తేడా. స్ప్రింగులూ పళ్ల చక్రాలూ ఆ మాత్రం చేయడమే విశేషం. ఉన్నట్టుండి నిమిషాలకు నిమిషాలు ముందుకు పోతుంటే మాత్రం మిషన్ పాడైందని పారేయకండి. స్పీకరో, ఫోను కవరులోని అయస్కాంతమో తగిలి హెయిర్ స్ప్రింగు చుట్లు అంటుకుపోయి ఉంటాయి. అయస్కాంతత్వం తీసేసే చిన్న పరికరంతో సరిపోతుంది.

అపోహ: స్క్రూడ్రైవరుంటే ఎవరైనా వాచీ ‘తయారు’ చేయొచ్చు.

వాస్తవం: మనం చేసేది బిగింపు. ఇంగ్లండుకు చెందిన జార్జ్ డేనియల్స్ కేసు, డయల్, మిషన్ అన్నీ తన చేతులతోనే చేసేవాడు. ఆయన 1981లో రాసిన ‘వాచ్‌మేకింగ్’ తిరగేస్తే ఆ పనికీ మన పనికీ దూరం తెలుస్తుంది. బిగింపూ తేలిక కాదు. ముళ్లు ఒకదానికొకటి తగలకుండా దిగాలి, బొత్తం కాడ కొలిచి కత్తిరించాలి. పొట్టిదైతే కొత్తది కొనాల్సిందే. వేలిముద్ర పడిన డయల్ మళ్లీ మునుపటిలా కాదు. వెనక మూత మీద ఎన్ని మీటర్లని చెక్కి ఉన్నా, పీడన పరీక్ష చేయించేదాకా నీళ్లలో ముంచవద్దు.

మొదలుపెట్టాలనుకుంటే ఆగిపోయిన పాత హెచ్‌ఎంటీని రిపేరు దుకాణంలో అడిగి తెచ్చుకోండి. దాన్ని విప్పి, మళ్లీ బిగించి నడిపించగలిగాకే 6497 జోలికి వెళ్లండి. తాతగారి వాచీని మాత్రం ముట్టుకోకండి.