చిన్న మంట చేసే మేలు – ఆలూ గోష్త్ వంటలోని శాస్త్రం

వంట అనగానే అది ఇల్లాండ్ర పని అనీ, పుస్తకాలతో కాలం గడిపేవారికి దానితో నిమిత్తం లేదనీ భావించడం మన సమాజంలో పరిపాటి అయిపోయినది. కాని మన తల్లులు దినదినమూ పొయ్యి ముందు నిలిచి చేసే పనిలో రసాయనశాస్త్రం ఉన్నది, భౌతికశాస్త్రం ఉన్నది, చరిత్ర ఉన్నది. అన్నిటికన్న మిన్నగా ఓర్పు ఉన్నది. ఈ సంచికకు సాహిత్యవిషయమేదైనా వ్రాయవలసిందని మిత్రులు కోరినప్పటికీ, మేము ఆలూ గోష్త్‌ను గురించి వ్రాయడానికి పూనుకొన్నాము. ఇందుకొక కారణం గలదు.

మేము విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్న రోజులలో ఒక చిన్న గదిని అద్దెకు తీసుకొని స్వయంపాకం చేసుకొనేవారము. ఒక ఆదివారం మా తండ్రిగారు ముందుగా కబురైనా లేకుండా వచ్చినారు. మేము సంతోషంతో బజారుకు పోయి ఒక కిలో పెద్దకూర, అరకిలో ఆలుగడ్డలు తెచ్చి, ఆయన మధ్యాహ్నపు రైలుకు తిరిగి వెళ్ళవలెనన్న తొందరలో అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి, పొయ్యి మంటను నిండుగా పెంచి వండినాము. నీరు తెర్లింది. మసాలా ఘుమఘుమలాడింది. ఆలుగడ్డలు చితికి ముద్దయినవి. మాంసం మాత్రం తోలు వలె సాగింది. అప్పటికే మా తండ్రిగారికి దవడపళ్ళు చాలావరకు ఊడిపోయినవి. ఆయన ఒక్క మాట అనలేదు. షోర్వాలో అన్నం కలుపుకొని తిని, ముక్కలను పళ్ళెం అంచుకు నెట్టి, "కడుపు నిండింది బేటా" అంటూ లేచినారు. ఆ పళ్ళెం అంచున మిగిలిన ముక్కలు నేటికీ మా కళ్ళముందు కదలుతూనే ఉన్నవి.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి చెప్పగా మా అమ్మగారు నవ్వి, "గోష్త్‌కు కావలసింది మంట కాదురా, సబర్" అన్నారు. ఆ ఒక్క వాక్యానికి గల శాస్త్రీయమైన అర్థం తెలుసుకొనడానికి మాకు పెక్కు సంవత్సరాలు పట్టింది. ఆ తెలిసినదానినే ఇక్కడ మన విద్యార్థినీ విద్యార్థులతో పంచుకొనదలచినాము.

పెద్దకూర అంటే

మన ప్రాంతాలలో 'పెద్దకూర' అనీ, ఉర్దూలో 'బడే కా గోష్త్' అనీ వ్యవహరించేది ముఖ్యంగా గేదెమాంసం. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టం గోవధను నిషేధించినది. కనుక ఈ వ్యాసంలో మేము చెప్పే మాంసం గేదెమాంసమే అని పాఠకులు గ్రహింతురు గాక. వేటమాంసం కన్న ఇది చౌక; కనుకనే సామాన్యుల ఇండ్లలో ఆదివారపు భోజనానికి ఆధారమైనది. వేటమాంసంతో వండుకొనేవారికి కూడ ఈ పద్ధతియే వర్తిస్తుంది. వేళ మాత్రం తక్కువ పడుతుంది.

పశువు శరీరంలో అన్ని కండరాలూ ఒకే విధంగా పనిచేయవు. వీపు వెంబడి ఉండే కండలకు శ్రమ తక్కువ. అవి సహజంగానే మెత్తనివి. కాళ్ళు, భుజాలు, మెడ – ఇవి రోజంతా బరువు మోసే భాగాలు. వీటిలో కండపోగులను కట్టి ఉంచే సంయోజక కణజాలం మెండుగా ఉంటుంది. కసాయి కొట్టులో కాలి పిక్కను గట్టి మాంసమని వద్దనుకొనేవారు ఎందరో ఉన్నారు. కాని నెమ్మదిగా వండితే అన్నిటికన్న రుచిగా, మెత్తగా మారేది ఆ పిక్క మాంసమే. తొందరగా వండేవారికి ఏది శత్రువో, ఓర్పుతో వండేవారికి అదే మిత్రుడు.

గిన్నెలో ఏమి జరుగుతున్నది?

మాంసం వేడెక్కుతున్నప్పుడు రెండు మార్పులు కలుగుతవి. ఆ రెండూ పరస్పరం విరుద్ధమైనవి. మొదటిది కండపోగుల మార్పు. దాదాపు 50 డిగ్రీల సెంటిగ్రేడు నుండి వాటిలోని మాంసకృత్తులు బిగుసుకొని, 60 డిగ్రీలు దాటిన పిమ్మట ముక్క కుంచించుకొని లోపలి నీటిని బయటకు నెట్టివేస్తుంది. పిండిన గుడ్డ వలె ముక్క గట్టిపడుతుంది. మంట ఎక్కువైనకొలదీ ఈ బిగుసుకొనడం తీవ్రమవుతుంది.

రెండవది సంయోజక కణజాలంలోని కొలాజెన్ అనే పదార్థం మార్పు. ఇది మూడు పోగులు పేనిన త్రాడు వంటిది. తడి వేడిమిలో, సుమారు 70 డిగ్రీలు మొదలుకొని, ఆ పేట కొద్దికొద్దిగా విడిపోయి జెలటిన్‌గా మారుతుంది. పాయా చల్లారినప్పుడు జున్ను వలె గడ్డకట్టేది ఈ జెలటిన్ వల్లనే. కండపోగులు బిగుసుకొన్నప్పటికీ వాటి నడుమనున్న కట్లు కరిగిపోవడంచేత ముక్క వ్రేలితో నొక్కితే విడిపోతుంది. కరిగిన జెలటిన్ పోగులను తడిగా ఉంచి, షోర్వాకు చిక్కదనాన్ని చేకూరుస్తుంది.

ఇందులో కీలకమేమనగా, కండపోగులు నిమిషాలలో బిగుసుకొంటవి. కొలాజెన్ కరగడానికి గంటలు కావలెను. మేము ఆనాడు ముక్కాలు గంటలో మొదటి మార్పును పూర్తి చేసి, రెండవది ఆరంభమగుచుండగానే గిన్నె దించినాము. తెర్లే నీరు ఎంత పెద్ద మంట మీద ఉన్నా 100 డిగ్రీలను మించదు. మంట పెంచినందువల్ల నీరు ఆవిరి కావడమూ, ముక్కలు ఒకదానికొకటి తగిలి చెదరడమూ తప్ప మరి ప్రయోజనం లేదు. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి బంధింపబడి వేడి సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది గనుక పని త్వరగా ముగుస్తుంది. వేళ లేనివారికి అది ఉపకారమే. కాని అందులో ముక్క మెత్తబడిన క్షణాన్ని కనిపెట్టడం కష్టం. రుచి మెల్లగా సమకూరడానికి కూడ అవకాశం తక్కువ.

పాత పద్ధతి, కొత్త యంత్రం

నెమ్మది వంట మనకు కొత్త కాదు. 'దమ్ పుఖ్త్' అనే పారసీక పదానికి ఊపిరితో వండినది అని భావం. మూత చుట్టూ పిండి అంటించి, ఆవిరిని లోపలనే ఉంచి, నిప్పుకణికల వేడిమితో వండే విధానమది. ఉదయమనే అర్థంగల 'నహార్' అన్న అరబ్బీ పదం నుండి పేరు పొందిన నిహారీ రాత్రంతా ఉడికి తెల్లవారుజామున వడ్డింపబడేది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీం కూడ భట్టీ మీద గంటల తరబడి ఉడికేదే.

విచిత్రమేమంటే, నేడు 'స్లో కుక్కర్' అని పిలువబడే విద్యుత్ పాత్రకు మూలం కూడ ఇటువంటి సంప్రదాయమే. యూదులు తమ విశ్రాంతి దినమైన శనివారంనాడు నిప్పు వెలిగించరు. కనుక శుక్రవారం ప్రొద్దు గ్రుంకకముందే మాంసం, చిక్కుడు గింజలు, దుంపలు కలిపిన 'చోలెంట్' అనే వంటకాన్ని పొయ్యిలో పెట్టి మరునాటివరకు ఉడకనిచ్చేవారు. లిథువేనియాలోని తమ పూర్వుల ఊరిలో ఇది జరిగిన విధానాన్ని తల్లి చెప్పగా విన్న ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు విద్యుత్ పాత్రను రూపొందించి 1940లో పేటెంటు పొందినాడు. రైవల్ అనే సంస్థ 1971లో దానిని క్రాక్‌పాట్ అన్న పేరుతో బజారుకు తెచ్చింది. ఏ దేశమైనా, ఏ మతమైనా, తల్లులు కనుగొన్నది ఒక్కటే – చిన్న మంట, మూసిన మూత, నిండైన కాలం.

వండే విధానం

ఆరుగురికి సరిపోవడానికి: పిక్క లేదా భుజం మాంసం ఒక కిలో, ఆలుగడ్డలు 600 గ్రాములు, ఉల్లిపాయలు 250 గ్రాములు, అల్లం వెల్లుల్లి ముద్ద రెండు పెద్ద చెంచాలు, పెరుగు 100 గ్రాములు, టమాటాలు రెండు, నూనె ఆరు పెద్ద చెంచాలు, కారం రెండు చిన్న చెంచాలు, ధనియాల పొడి ఒక పెద్ద చెంచా, పసుపు అర చిన్న చెంచా, తగినంత ఉప్పు, గరం మసాలా, కొత్తిమీర.

ముక్కలను అంగుళమున్నర ప్రమాణంలో కోసి, కడిగి, నీరంతా ఓడ్చి గుడ్డతో ఒత్తవలెను. ముక్క ఎర్రబారి కమ్మని వాసన రావడానికి దాని ఉపరితలం సుమారు 140 డిగ్రీలకు చేరవలెను. తడి ఉన్నంతవరకు అది 100 డిగ్రీలను దాటదు. గిన్నెను ఒకేసారి ముక్కలతో నింపినా నీరూరి ఉడుకుతవే గాని వేగవు. కనుక నూనెలో రెండు మూడు విడతలుగా వేయించి తీయవలెను. అదే నూనెలో ఉల్లిపాయలను ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, పొడులు, ఉప్పు, టమాటాలు, చిలికిన పెరుగు వరుసగా వేసి, నూనె తేలువరకు వేపి, ముక్కలను మరల కలుపవలెను.

తరువాత ఒక లీటరు వేడినీరు పోసి, ఒక పొంగు వచ్చిన వెంటనే మంటను మన ఇండ్లలో 'సిమ్' అనే స్థితికి తగ్గించి, బరువైన మూత పెట్టవలెను. నీటి ఉపరితలం మీద అక్కడక్కడ ఒక బుడగ లేచి పగిలితే చాలు. గేదె పిక్కకు ఈ విధంగా రెండున్నర మొదలు మూడున్నర గంటలు పట్టవచ్చు. పశువు వయసును బట్టి మారుతుంది. గడియారాన్ని కాదు, ముక్కను అడుగవలెను. చెంచాతో నొక్కితే లొంగడం మొదలైనప్పుడు, పెద్దముక్కలుగా తరిగిన ఆలుగడ్డలను వేసి మరొక అరగంట ఉడికించవలెను. చివర గరం మసాలా, కొత్తిమీర చల్లి, పొయ్యి ఆర్పి పది నిమిషాలు మూత తీయకుండ ఉంచితే షోర్వా నిలదొక్కుకొంటుంది.

స్లో కుక్కర్‌లో క్రమం మారుతుంది. అది మెల్లగా వేడెక్కుతుంది. టమాటా, పెరుగుల పులుపు దుంప మెత్తబడడాన్ని ఆలస్యం చేస్తుంది. అందుచేత ఆలుగడ్డలను ముందుగానే అడుగున, అంచుల వెంట పేర్చి, వేయించిన మాంసాన్ని పైన పరచవలెను. ఆవిరి బయటకు పోదు గనుక నీరు 300 లేక 400 మిల్లీలీటర్లు చాలు. తక్కువ వేడిలో ఎనిమిది తొమ్మిది గంటలు, ఎక్కువ వేడిలో ఐదారు గంటలు పట్టుతుంది. మాటిమాటికి మూత తీసి చూడరాదు. తీసిన ప్రతిసారి పోయిన వేడి తిరిగి చేరడానికి చాలాసేపు పట్టుతుంది.

కొన్ని జాగ్రత్తలు

నెమ్మది వంటకు, అజాగ్రత్తకు భేదం గలదు. 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు నడుమ ఆహారం ఎక్కువసేపు నిలిచితే హానికరమైన సూక్ష్మజీవులు వృద్ధి పొందుతవి. మంచుగడ్డ కట్టిన మాంసాన్ని అట్లే స్లో కుక్కర్‌లో వేయరాదు. పూర్తిగా కరగిన తరువాతనే వండవలెను. కొన్ని సూక్ష్మజీవుల బీజాలు మరిగినా చావవు. కనుక మిగిలిన కూరను రాత్రంతా పొయ్యి మీద వదలక, వెడల్పైన పాత్రలలో చల్లార్చి, రెండు గంటలలోపల ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు బాగుగా పొంగనిచ్చి తినవలెను. మరునాటి కూర రుచి మిన్న అన్నది మన ఇండ్లలో తెలిసిన మాటయే. ఆకుపచ్చబారిన ఆలుగడ్డలలో సొలనిన్ అనే విషపదార్థం చేరి ఉంటుంది గనుక వాటిని వాడరాదు. మాంసం త్వరగా మెత్తబడవలెనని పచ్చి బొప్పాయి రాచేవారు కొలత మించితే ముక్క పిండి పిండి అవుతుంది. దీర్ఘకాలం ఉడికే ఈ వంటకు దాని అవసరమే లేదు.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో పుట్టి, ఐరోపావారి ఓడలలో మన దేశానికి వచ్చిన దుంప, మన ఊరి గేదెమాంసంతో ఒకే గిన్నెలో కుదురుకొన్నది. ఒకటి త్వరగా ఉడికేది, మరొకటి ఆలస్యంగా ఉడికేది. దేని వేళ దానికి ఇచ్చినప్పుడే రెండూ దక్కుతవి. తరగతి గదిలో కూడ ఇదే న్యాయమని బోధకులుగా మేము అనుభవంతో తెలుసుకొన్నాము.

మన వసతిగృహంలో నివసించే విద్యార్థులు, ముఖ్యంగా మగపిల్లలు, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క పూట తల్లి చేతిలోని గరిటెను తాము అందుకొనవలెనని మా కోరిక. కళాశాల కమిటీ పెద్దలు వసతిగృహపు వంటశాలలో వారానికొక పూట విద్యార్థులచేతనే వండించే ఏర్పాటు గావింతురేని మేము దగ్గరుండి సహకరింపగలము.

మాంసం మెత్తగా ఉండడం భోగం కాదు. పళ్ళు లేని వృద్ధుడు తన కుటుంబంతో కలసి, అందరు తినేదే తినగలగడం అది. మేము ఈ వంట సరిగా నేర్చిన తరువాత మా తండ్రిగారు మూడు సంవత్సరాలు జీవించినారు. ఆ కాలంలో ఎన్నో ఆదివారాలు, తెల్లవారగానే గిన్నె పొయ్యి మీద పెట్టి, మధ్యాహ్నం ఆయనకు వడ్డించినాము. పళ్ళెం అంచున ముక్క మిగలలేదు.